పబ్లిక్ హెల్త్ తీసుకోవాలా? వైజాగ్ పిల్లలకి నా మాట

నీట్‌లో సీటు రాలేదు కాబట్టి పబ్లిక్ హెల్త్ అనుకుంటే కాస్త ఆగండి, ఇది ఎంబీబీఎస్‌కి బదులు కాదు, అసలు పనే వేరు. కేజీహెచ్ ఆసుపత్రిలో డాక్టర్ గారు డెంగీ వచ్చిన మనిషిని చూస్తారు, మీరేమో ఆ మనిషి ఉండే వీధిలో ఎన్ని ఇళ్లలో జ్వరాలున్నాయి, నీళ్ల డ్రమ్ములకి మూతలున్నాయా, లార్వా ఎక్కడ పెరుగుతోంది అని ఇల్లిల్లూ తిరిగి రాసుకుని ఆ లెక్కల్లోంచి కారణం పట్టుకోవాలి. తిరగడం, జనంతో మాట్లాడటం, స్టాటిస్టిక్స్, ఈ మూడూ నచ్చితేనే రండి.

ఇంటర్ అవ్వగానే దీనికే డిగ్రీ వెతకక్కర్లేదు. నర్సింగ్, బీడీఎస్, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్ లాంటివి చేసి తర్వాత 2 ఏళ్ల ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చెయ్యొచ్చు, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది.

చేరేముందు మాత్రం మీ దగ్గర్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కెళ్లి ఏఎన్ఎం గారినో ఆశా అక్కనో అడిగి ఒకరోజు వాళ్లతో ఫీల్డుకెళ్లండి, వీలైతే పాడేరు వైపు కూడా, వానాకాలం మలేరియా అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

ఉద్యోగాలంటారా, నేషనల్ హెల్త్ మిషన్‌లో చాలా పోస్టులు కాంట్రాక్టువే, ఇంట్లో ముందే చెప్పండి. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు, ఎలా వస్తున్నాయో తేల్చే చదువు), డేటా అనాలిసిస్ గట్టిగా వస్తే రీసెర్చ్ ప్రాజెక్టులు, ఎన్జీవోలు కూడా ఉంటాయి. ఈ డేటా లెక్కలకి వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ ఫ్రీయే, డిగ్రీలో ఉండగానే మొదలెట్టండి.