మారథాన్ సాధన: ఎండాకాలపు నిరుత్సాహాన్ని నేను దాటిన తీరు

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు సిద్ధం కావాలంటే ఏప్రిల్, మే నెలల ఎండలను దాటక తప్పదు. 42.195 కిలోమీటర్ల లక్ష్యం ఇంకా నెలల దూరంలో ఉండగా, తెల్లవారుజామునే ఉక్కపోసే ఆ రోజుల్లో వారం వారం వేగం తగ్గుతుంటే, పడిన శ్రమంతా వృథా అవుతోందన్న దిగులు నన్ను పట్టుకుంది.

వేగానికి బదులు శ్రమను కొలవడం మొదలుపెట్టాకే ఆ దిగులు తగ్గింది. వేడిలో శరీరం చల్లబడటానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా మళ్లుతుంది కాబట్టి, అదే వేగానికి గుండె మరింత గట్టిగా పనిచేయవలసి వస్తుంది. అందువల్ల మే నెలలో పరుగు నెమ్మదించడం సామర్థ్యం తగ్గిందనడానికి గుర్తు కాదు. అందుకే వాచీ తెరపై వేగం కనిపించకుండా చేసి, పక్కవారితో ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే తీరులోనే పరుగెత్తసాగాను. ఇంటికి రాగానే నోటుపుస్తకంలో ఆ పూట ఉక్క ఎంత ఉందో, రాత్రి నిద్ర ఎలా పట్టిందో, కేబీఆర్ పార్కు దగ్గరి ఎత్తు ఎలా ఎక్కానో ఒకటి రెండు వాక్యాల్లో రాసుకున్నాను. నా దృష్టిలో ఏ యాప్ చూపే గ్రాఫుకన్నా ఈ రాత ఎంతో విలువైనది.

తోటి రన్నర్ ఒకరు గేటు దగ్గర ఎదురుచూస్తుండటం కూడా బాగా తోడ్పడింది.

వానలు పడి వాతావరణం చల్లబడ్డాక, అదే తేలికైన శ్రమకు వేగం దానంతటదే పెరిగింది. ఆదివారపు సుదీర్ఘ పరుగును 30 కిలోమీటర్ల వైపు పెంచడం అప్పుడే ప్రారంభించాను.