బీరు కేసుల లేబుళ్లు ఊడకుండా ఉండాలంటే

కోల్డ్ రూమ్‌లోంచి తీయగానే కేసులకు (సీసాలు పెట్టే అట్టపెట్టెలకు) చెమ్మ పట్టి లేబుల్ మూలలు లేస్తాయి, వేలు తగిలితే బ్యాచ్ నంబరు అలుక్కుపోతుంది. ఇక ఏది పాత స్టాకో తేల్చాలంటే కేసులు విప్పి సీసాల మీద తేదీలు చూసుకోవాల్సిందే.

నింపిన కేసుకి కాకుండా, ముందురోజు సాయంత్రమే ఖాళీ అట్టకి లేబుల్ వేసేయండి. చల్లటి సీసాలు లోపల పడ్డాక అట్ట చెమర్చడం మొదలవుతుంది, అప్పుడు మామూలు జిగురు సరిగ్గా పట్టదు. పొడి అట్టకి అతికించి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు రుద్దితే రాత్రంతా గట్టిపడుతుంది. పక్కపక్కనున్న రెండు ముఖాలకూ ఒక్కోటి వేస్తే, ప్యాలెట్ (కేసులు పేర్చే బల్ల) తిప్పినా ఒకటి కనిపించే అవకాశం ఎక్కువ.

కాగితం బదులు పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్) లేబుల్, లేబుల్ ప్రింటర్‌లో మైనం సిరా రిబ్బన్ బదులు వ్యాక్స్-రెజిన్ (మైనం, రెజిన్ కలిపిన) రిబ్బన్ వాడండి. మొదటి లేబుల్‌ని తడి వేలితో పదిసార్లు రుద్దండి. చెరిగితే ప్రింటర్ వేగం ఒక మెట్టు తగ్గించి, వేడి ఒక మెట్టు పెంచండి. వేడి మరీ పెంచారో, బార్‌కోడ్ గీతలు కలిసిపోయి స్కానర్ చదవదు.

200 కేసులు వస్తాయనుకుంటే 190కే ముందు వేయండి. మిగిలిన లేబుల్ అట్టలు మర్నాటి బ్యాచ్‌లో కలిశాయంటే లెక్క మొత్తం తారుమారు. హైదరాబాద్ వానల్లో నేలమీద పెట్టిన అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది, దానికి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. అట్టల కట్టలు ప్యాలెట్ మీదే ఉంచండి.