మిన్నేరియా ఏనుగులు: ఏ పార్కుకు వెళ్లాలో ఆ మధ్యాహ్నమే నిర్ణయించుకోండి

శ్రీలంకలో ఏనుగుల మందలను చూడదలచినవారు జులై, అక్టోబరు నెలల మధ్య మిన్నేరియా జాతీయ పార్కుకు వెళ్తుంటారు. మహాసేన మహారాజు కట్టించిన అక్కడి పురాతన చెరువులో నీరు తగ్గేకొద్దీ బయటపడిన నేలపై లేత పచ్చిక మొలుస్తుంది; దాని కోసం చుట్టుపక్కల అడవుల నుంచి వందల ఏనుగులు అక్కడికి చేరతాయి. అయితే 2018లో మొరగహకంద జలాశయం వాడుకలోకి వచ్చిన తర్వాత, అక్కడి నుంచి ఈ చెరువులోకి ఆ పొడి నెలల్లో కూడా నీరు వదిలినప్పుడు ఆ పచ్చిక మునిగిపోతోంది కనుక, క్యాలెండరును మాత్రమే నమ్ముకోవడం మంచిది కాదు.

అందువల్ల దగ్గరలోని హబరణ పట్టణంలో బస చేసి, జీపు మాట్లాడుకునేటప్పుడే పార్కు పేరు ఖరారు చేయకుండా, మందలు నిన్న సాయంత్రం ఎక్కడ కనిపించాయో డ్రైవరును అడిగి, మిన్నేరియా, కౌడుల్ల, హురులు మూడింటిలో ఒకదాన్ని ఆ మధ్యాహ్నమే ఎంచుకోండి. మూడూ దగ్గరలోనే ఉంటాయి. ఎండ తగ్గాకే ఏనుగులు చెట్ల నీడ వదిలి మైదానంలోకి వస్తాయి కాబట్టి, ఉదయపు సఫారీ కన్నా మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లడమే నయం.

మంద కనిపించగానే దగ్గరికి పోనివ్వమని డ్రైవరును తొందరపెట్టవద్దు. తల్లికీ పిల్లకూ మధ్య జీపు అడ్డుపడకుండా దూరంగా ఆపించి, ఇంజను కట్టేయమనండి. దంతాల ఏనుగు కోసం మాత్రం పట్టుబట్టకండి, ఎందుకంటే శ్రీలంకలో మగ ఏనుగులలో కూడా చాలా కొద్దిటికే దంతాలుంటాయి.