ప్లాటినం నానోకణాల శుద్ధి, 4వ పాఠం: మురికి మిగిలిందా, కణాలు ముద్దకట్టాయా?

కార్బన్ మీద ఎక్కించిన 4 నానోమీటర్ల ప్లాటినం కణాల నుంచి పీవీపీని (తయారీలో కణాలు ఒకదానికొకటి అంటకుండా కప్పి ఉంచే పాలిమర్) వదిలించమన్నాను. మీ ఉత్తరాల నిండా ఒకటే గోడు: కాల్చాక కూడా కణాలు ఉత్ప్రేరకంగా పనిచేయట్లేదని. కొందరు టెన్షన్‌లో మళ్లీ ఫర్నేస్‌లో పెట్టి ఇంకో 50 డిగ్రీలు పెంచారు. ముందు అది ఆపండి.

పీవీపీ ఇంకా కప్పి ఉండొచ్చు. లేదా వేడికి కణాలు కలిసిపోయి ఉపరితలమే తగ్గి ఉండొచ్చు. రెండో సందర్భంలో మళ్లీ కాలిస్తే ఉన్నదీ పోతుంది. ఏది జరిగిందో లెక్కలో తేలుతుంది. 4 నానోమీటర్ల ప్లాటినం గోళాలకు గ్రాముకు సుమారు 70 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, 8 అయితే 35. కార్బన్‌కు ఆనుకున్న భాగం లెక్కలోకి రాదు కాబట్టి పూర్తి 70 రాదు. సీవీలో (వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ కరెంటు కొలిచే పరీక్ష) ప్లాటినం మీద హైడ్రోజన్ అంటి విడిపోయేటప్పుడు వచ్చే పీకుల చార్జిని చదరపు సెంటీమీటరుకు 210 మైక్రోకూలంబుల చొప్పున భాగించండి. టీఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) సైజు 4 ఉండి గ్రాముకు ఉపరితలం 20 వస్తే మురికినే అనుమానించాలి. సైజు 8, ఉపరితలం 30 అయితే కణాలు శుభ్రమే, ముద్దకట్టాయి. ఇక ఎంత కడిగినా లాభం లేదు. సీవీ ఎలా తీయాలో మళ్లీ చెప్పను.

నాకు ఒళ్లు మండేది ఒకటుంది. గాలిలో కాలిస్తే కార్బన్ అంటుకుంటుందని నైట్రోజన్‌లోకి మారారు. భయం సరైనదే, ఆ మంటకు ప్లాటినమే తోడ్పడుతుంది. తర్వాత ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతిని ఏ బంధాలు పీల్చుకుంటాయో చూపే పరీక్ష) 1660 సెం.మీ⁻¹ దగ్గరి పీకు మాయమైందని "శుభ్రం" అని రాసేశారు! ఆ పీకు పీవీపీలోని కార్బొనిల్‌ది. పాలిమర్ విరిగితే అది పోతుంది, కార్బన్ పోవాలని లేదు. ఆక్సిజన్ లేనిచోట కొంత బొగ్గై కణం మీదే కూర్చుంటుంది. పాలు మాడిన గిన్నెలో పాలు లేవు, నిజమే. మాడు సంగతేంటి? టీజీఏలో (వేడిచేస్తూ బరువు తూచే పరీక్ష) బరువు తగ్గినా ఇదే ప్రశ్న. ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్-కిరణాలతో ఉపరితలం మీది మూలకాలను చూపే పరీక్ష) కార్బన్ కనిపిస్తే అది మాడుదో, కణాలను ఎక్కించిన కార్బన్‌దో చెప్పడం కష్టం. నేను నమ్మేది హైడ్రోజన్ పీకుల్నే.

నన్నడిగితే అసలు పీవీపీ జోలికే పోవద్దు. ఓలీలమీన్‌తో (పీవీపీ బదులు కణాలను కప్పే ఒక అమీన్) తయారుచేసి, కార్బన్‌కు ఎక్కించి, అసిటిక్ ఆమ్లంలో 60–70 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కలియబెట్టండి. ఆమ్లం అమీన్‌కు ప్రోటాన్ ఇస్తుంది, దాంతో లోహం మీద దాని పట్టు సడలుతుంది. తర్వాత ఇథనాల్, సెంట్రిఫ్యూజ్. యూవీ-ఓజోన్ (అతినీలలోహిత కాంతి, ఓజోన్‌లతో మురికి తీసే పద్ధతి) పలుచటి పొరలకే బాగుంటుంది. మందపాటి పొడి లోపలికి వెలుగు చేరదు. పైగా చివర్లో ప్లాటినం ఆక్సైడ్‌ను హైడ్రోజన్‌తో మళ్లీ లోహంగా మార్చుకోవాలి.

అభ్యాసం: ఒకే బ్యాచ్ ఓలీలమీన్ కణాలను మూడు భాగాలు చేయండి. ఒకటి కడగనిది, ఒకటి ఆమ్లంతో కడిగినది, ఒకటి నైట్రోజన్‌లో 400 డిగ్రీల దగ్గర కాల్చినది. సీసాల మీద పేర్లు ల్యాబ్‌లో మరొకరితో మార్పించి, టీఈఎమ్, సీవీ మాత్రమే చూసి ఏది ఏదో చెప్పండి. ఊహించి రాస్తే దిద్దను, లెక్క కూడా పంపండి.