ద్రాక్ష కోత దగ్గర పడిందా? ముందు నేలమాళిగలో గాలి సంగతి చూడండి

కోత మొదలైతే ఒకరు చెప్పేది ఇంకొకరికి ఎక్కదు. అందుకే ఇంటి నేలమాళిగలో వైన్ చేసుకునేవాళ్లు ఈ పనులన్నీ కత్తెరలు నూరుకునే రోజుల్లోనే చూసుకోవాలి.

ముందు తోట. వైన్ చేసే నల్ల ద్రాక్షలో రెండు రకాలు చూద్దాం. పినో నువార్‌కి తొక్క పల్చన, గుత్తి బిగుతు. పండేవేళ వాన పడితే గుత్తి లోపల తడి ఆరదు, బూడిదరంగు బూజు పడుతుంది. కాబెర్నె సావిన్యోన్‌కి తొక్క మందం, గుత్తి వదులు కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. కుళ్లిన పళ్లను తీగ దగ్గరే తీసేయండి. టబ్బులో పడ్డాక ఏరడం అయ్యే పని కాదు.

మామూలుగా పినో ముందు పండుతుంది, కాబెర్నె చాలా వెనక. ఒకటి పులిసి చల్లబడ్డాక రెండోది వస్తుంది. ఎండలు ముదిరిన ఏడాది ఈ ఎడం తగ్గి, చిన్న నేలమాళిగలో ట్యాంకులన్నీ ఒకేసారి పొంగొచ్చు. నాకు బూజుకన్నా ఇదే పెద్ద టెన్షన్.

ఎందుకంటే 1 లీటరు రసం పులిసేసరికి సుమారు 50 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 500 లీటర్ల రసానికి లెక్క వేసుకోండి: 25,000 లీటర్లు. పదడుగుల చదరపు గది నేల నుంచి కప్పు దాకా నిండేంత! గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది. వాసన ఉండదు. గాలిలో 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. పాడుబడ్డ బావిలో దిగినవాళ్లకు జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

కొవ్వొత్తి వెలిగించి చూడటం నమ్మకండి. మనిషికి ప్రమాదమైన మోతాదులో కూడా అది వెలుగుతూనే ఉండొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఈ గ్యాస్‌ని పట్టదు. కార్బన్ డయాక్సైడ్ మీటరే కొనాలి. దాన్ని తల ఎత్తున కాకుండా కింద పెట్టండి. గాలి లాగే ఫ్యాన్ కూడా నేల దగ్గరే ఉండాలి, మీరు దిగకముందే కాసేపు తిరగాలి. ట్యాంకులో పైకి తేలిన తొక్కలు కిందికి నొక్కడానికి వెళ్తే గుమ్మం దగ్గర ఇంకొకరిని నిలబెట్టండి. రోజూ తిరిగే సొంత ఇల్లే కదా అని ఒంటరిగా దిగొద్దు. లోపల ఎవరైనా పడిపోతే ఆత్రంగా వెనకే దూకొద్దు, రెండో ప్రాణం పోయేది అక్కడే. తలుపులు తెరిచి, బయటి నుంచే ఫ్యాన్ వేసి, ఊపిరి పీల్చుకునే గాలి సిలిండర్లతో వచ్చే రెస్క్యూ వాళ్లను పిలవండి.

మిగతావి చిన్నవి. ట్యాంకును ముప్పావు వంతుకు మించి నింపకండి, తొక్కలు పైకి పొంగుతాయి. పులుస్తున్నప్పుడు మూత గట్టిగా బిగించొద్దు. వైన్ చెడకుండా కలిపే మెటాబైసల్ఫైట్ పొడిని చెంచా లెక్కన కాకుండా త్రాసులో తూచి, గాలి ఆడేచోట కలపండి. ఆస్తమా ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

రసం దించేశాక పని అయిపోయిందనుకుంటాం. అడుగున మిగిలిన పిప్పి ఇంకా పులుస్తూనే ఉంటుంది, గ్యాస్ ట్యాంకులోనే నిలిచి ఉంటుంది. దాన్ని తోడటానికి తల లోపలికి వంచకండి. పొడుగు కర్ర పారతో బయట నిలబడే లాగండి.