వరద రాకముందే పేజీలోని లంకెలు సరిచూసుకోండి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ గంటల్లో లంక గ్రామాల వాళ్లు పడవ రేవు ఎక్కడో, పునరావాస కేంద్రం ఎక్కడో తెలుసుకోవడానికి ఫోను తెరుస్తారు. ఊళ్లన్నిటి వివరాలూ ఒకే పొడవాటి పేజీలో పెట్టి, పైన ఊరి పేర్లకు లంకెలు ఇచ్చే మిత్రులారా, జూన్ లోపే ఒక్కో లంకెనూ నొక్కి చూడండి. గమ్యం లేని లంకె నొక్కితే ఏ హెచ్చరికా కనిపించదు, పేజీ ఉన్నచోటే ఉండిపోతుంది. చూసేవారు తమ ఊరి సమాచారమే లేదనుకుంటారు.

అంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటి ఉంది. ఒక ఊరి భాగాన్ని కాపీ చేసి మరో ఊరికి వాడుకుంటూ ఐడీ (లంకె వెతుక్కునేలా ఆ భాగానికి పెట్టే గుర్తింపు పేరు) మార్చడం మరచిపోతాం. ఒకే ఐడీ రెండుచోట్ల ఉంటే బ్రౌజర్ మొదటిదాని దగ్గరే ఆగుతుంది. అంటే ఈ లంకవారికి ఆ లంక పడవ వేళలు కనిపిస్తాయి! పేజీలో ప్రతి ఐడీ ఒక్కసారే ఉండాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లంకెలోనూ ఒకేలా ఉండాలి.

పాత పేజీల్లో ఐడీకి బదులు యాంకర్ ట్యాగుకు (లంకెలు రాసే <a> గుర్తుకు) నేమ్ అనే పేరు ఇచ్చేవారు. బ్రౌజర్లు దాన్ని ఇప్పటికీ గుర్తిస్తాయి గానీ, వెబ్ ప్రమాణం దాన్ని పక్కన పెట్టింది. ఊరి శీర్షికకే ఐడీ ఇవ్వండి.

ఐడీ తెలుగులో ఉండవచ్చా? వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్‌ఎల్ 5 ఒప్పుకుంటుంది. నేను మాత్రం వద్దంటాను. పొల్లు తర్వాత కీబోర్డు చేర్చే కంటికి కనిపించని గుర్తు ఒకచోట ఉండి మరోచోట లేకపోతే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు కలవవు.

హెచ్చరిక పట్టీని తెర పైభాగాన అతికించి ఉంచితే శీర్షిక దాని కింద దాక్కుంటుంది. శీర్షిక పైన ఖాళీ వదిలే స్క్రోల్ మార్జిన్ టాప్ అనే అమరిక ఇచ్చి కిందికి దించండి. బొమ్మలకు వెడల్పు, ఎత్తు ముందే రాయండి. లేకపోతే అవి ఆలస్యంగా వచ్చి, చేరిన చోటును కిందికి నెట్టే ప్రమాదం ఉంది.

లంకెలో పూర్తి చిరునామా వద్దు, హాష్ గుర్తు (#), ఐడీ చాలు. హాష్ తర్వాతి భాగం సర్వర్‌కు వెళ్లదు. కాబట్టి పేజీ ఒకసారి పూర్తిగా తెరుచుకున్నాక సిగ్నల్ పోయినా ఆ లంకెలు పనిచేస్తాయి. ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోనులో పేజీ తెరిచి, డేటా ఆపేసి, ప్రతి ఊరి పేరూ నొక్కి చూడండి.