సిమ్యులేటర్‌లో ల్యాండింగ్ కుదరట్లేదా? ముందు కెమెరా సరిచేయండి

ప్రతి ల్యాండింగ్‌లో విమానాన్ని నేలకేసి కొట్టి, తప్పంతా జాయ్‌స్టిక్ మీదికి నెట్టి కొత్తది కొనేవాళ్లను చాలామందిని చూశాను. చాలాసార్లు తప్పు కెమెరాది. కాక్‌పిట్‌లో మీ కన్ను ఎక్కడుందో తేల్చుకోకుండా ఎన్ని వీడియోలు చూసినా లాభం లేదు.

నేను చెప్పేది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో సెస్నా 172 అనే చిన్న విమానం గురించి. కంప్యూటర్, మానిటర్, ఏదో ఒక జాయ్‌స్టిక్ ఉంటే చాలు.

రన్‌వేగా శంషాబాద్‌ను ఎంచుకోకండి. మనవాళ్లందరూ మొదట అక్కడికే వెళ్తారు. 4,260 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న ఆ రన్‌వే మీద, ఇంకా పైనే ఉన్నా నేల దగ్గరికి వచ్చేసినట్టు అనిపిస్తుంది. దాంతో ముందే ముక్కు ఎత్తేస్తారు, వేగం పోయి దబ్బున పడతారు. గన్నవరం తీసుకోండి. వరల్డ్ మ్యాప్‌లో రన్‌వేకి ఎదురుగా నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక చోటు నొక్కి, గాలిలోంచే మొదలుపెట్టండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) పూర్తిగా దించి, వేగం 65 నాట్ల దగ్గర, రన్‌వేకి సుమారు 600 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు యాక్టివ్ పాజ్ (విమానాన్ని గాలిలోనే ఆపేసే బటన్) నొక్కండి.

గాలిలో ఎందుకంటే, నేల మీద నిలబెట్టి కెమెరా సరిచేసుకుంటే అది ల్యాండింగ్‌కు పనికిరాదు. నేల మీద విమానం ముక్కు ఉండే తీరు వేరు, ఫ్లాప్స్ దించి దిగుతున్నప్పుడు వేరు.

ముందు జూమ్. అన్నీ కనబడాలని జూమ్ బాగా తగ్గించేస్తారు. అప్పుడు రన్‌వే చిన్నదై దూరంగా కనిపిస్తుంది, నేల వచ్చిందని తెలిసేలోపే చక్రాలు తగులుతాయి. లెక్క ప్రకారం 24 అంగుళాల తెర ముందు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, ఆ తెర మీ కంటికి 48 డిగ్రీల కిటికీ మాత్రమే. అంత ఇరుకు పెడితే మీటర్లు కనబడవు కాబట్టి కాస్త వెడల్పు చేసుకోక తప్పదు. ఎంతైనా పెట్టుకోండి, కానీ ప్రతిసారీ అంతే ఉండాలి.

ఇప్పుడు అసలు పని, కంటి ఎత్తు. ఇక్కడ తొందరపడకండి.

మా తమ్ముడి కొడుకు ఒకసారి ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో, 90 నాట్ల మీద వస్తున్నాడు. ఏంట్రా ఇది అంటే, "రన్‌వే కనబడట్లేదు పెదనాన్నా, అందుకే ముక్కు దించా" అన్నాడు. కెమెరా మరీ కిందికి ఉంది. ముక్కు దించితే రన్‌వే కనిపిస్తుంది, వేగమూ పెరుగుతుంది, ఆ వేగంతో విమానం దిగనని మొరాయిస్తూ సగం రన్‌వే తినేస్తుంది. ఇంకొందరు దీనికి భయపడి కెమెరాను కప్పుకు అంటించేస్తారు. అప్పుడు రన్‌వే మొత్తం కనిపిస్తుంది, స్పీడ్ టేప్ (వేగం చూపించే నిలువు పట్టీ) మాత్రం మాయమవుతుంది.

పైబాణం, కింది బాణం మీటలను ఒక్కోసారి కొద్దిగా నొక్కుతూ వెళ్లండి. ఇంజిన్ కౌలింగ్ (ముక్కు మీది ఇంజిన్ మూత) పై అంచుకీ రన్‌వే మొదలుకీ మధ్య తెర మీద రెండు వేళ్ల మందం నేల కనబడాలి. మూడు వేళ్లు అనేవాళ్లున్నారు, వాళ్ల ల్యాండింగ్‌లూ చూశాను. అదే సమయంలో తల దించకుండానే స్పీడ్ టేప్ కనబడాలి. రెండూ కుదరకపోతే ఎత్తు మార్చకండి, జూమ్ ఇంకొంచెం తగ్గించండి. మీటర్ల కోసం కెమెరాను కిందికి వంచడం మాత్రం వద్దు. వంచితే దిగంతం తెర పై అంచుకు పోతుంది, ముక్కు ఎంత లేచిందో అంచనా దొరకదు.

అడ్డంగా కూడా జరపకండి. కాక్‌పిట్ నడిమధ్యలో కెమెరా పెట్టుకుని అదేదో గొప్ప చిట్కాలా చెప్పేవాళ్లున్నారు. పైలట్ ఎడమ సీట్లో కూర్చుంటాడు. రన్‌వే మధ్యగీత కౌలింగ్ నడిబొడ్డుకు కాదు, మీ కాళ్ల మధ్యకు రావాలి. కౌలింగ్‌ మధ్యను గీతకు చూపిస్తే విమానం ఎడమకు వంకరగా వెళ్లి దిగుతుంది.

ఎత్తు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఫైనల్‌లో మీకున్న అసలు కొలత అద్దం మీద ఒక్క చుక్కే. దిగాలనుకున్న చోటు అద్దం మీద కదలకుండా నిలబడితే అక్కడికే వెళ్తున్నట్టు. పైకి జరుగుతుంటే రన్‌వే ముందే పడతారు, కిందికి జారుతుంటే దాటిపోతారు. కన్ను కదిలితే ఆ చుక్కకు అర్థమే లేదు. అందుకే 500 అడుగుల కింద నేను హెడ్ ట్రాకింగ్ (మన తల కదిలితే కెమెరా కదిలే ఏర్పాటు) ఆపేస్తాను, మీరూ ఆపేయండి. ఎయిర్‌బస్ కాక్‌పిట్‌లో రెండు అద్దాల మధ్య ఎరుపు, తెలుపు గుండ్లు పెట్టిందీ ఇందుకే. ఎర్ర గుండు తెల్లదాన్ని సరిగ్గా కప్పేదాకా పైలట్ సీటు జరుపుకుంటాడు.

కుదిరిందనుకున్నాక కంట్రోల్, ఆల్ట్, 1 మూడూ కలిపి నొక్కితే ఆ వ్యూ సేవ్ అవుతుంది. తర్వాత ఆల్ట్, 1 నొక్కితే చాలు. దాన్ని ఫైనల్‌లోకి తిరగగానే నొక్కండి, రన్‌వే నెత్తిమీదికి వచ్చాక కాదు.

ఇప్పుడు పాజ్ తీసి దిగండి. ఫ్లేర్‌లో, అంటే చక్రాలు తగిలే ముందు స్టిక్ వెనక్కి లాగేటప్పుడు, ముక్కు లేచి రన్‌వేను కప్పేస్తుంది. అందరూ పైబాణం నొక్కేది అప్పుడే. ఆ ఒక్క నొక్కుతో విమానం ఒక్కసారిగా పైకి లేచినట్టు అనిపించి, టెన్షన్‌లో స్టిక్ ముందుకు తోసేస్తారు. చేతిని కీబోర్డు మీంచి తీసేయండి. కౌలింగ్ ఎడమ పక్క నుంచి రన్‌వే అంచును, దూరంగా ఉన్న దాని చివరను చూడండి. ఆ మాత్రం చాలు.

నాలుగైదు సార్లు దిగి చూసి, అప్పటికీ తేడా అనిపిస్తే ఒక్క నొక్కు మాత్రం మార్చి మళ్లీ సేవ్ చేయండి. సెస్నాలో సేవ్ చేసింది వేరే విమానానికి రాదు. ఎయిర్‌బస్ ఏ320 ఎక్కితే పనంతా మళ్లీ మొదటినుంచే.